వెనక సీటులో గండదీపం

సూర్యాపేట,
9-8-1992.

తమ్ముడు కాటయ్యకు,

మీ అన్న బీరన్న రాస్తున్నది. ఈ ఉత్తరం కోదాడలో నువ్వు పనిచేసే షెడ్డుకే పంపుతున్నాను, మిర్యాలగూడ ఇంటికి కాదు. చిన్నమ్మకు తెలిస్తే పొయ్యి మీది గిన్నె దించిపెట్టి మరీ తిడుతుంది. ఇక్కడ మా అమ్మ ముందు కూడా మీ పేరెత్తే పని లేదు. మా అమ్మ, మీ అమ్మ, తోడబుట్టిన అక్కాచెల్లెళ్ళు, మాట్లాడుకోక ఆరేండ్లు. మధ్యలో మనిద్దరం దొంగల్లాగా ఉత్తరాలు రాసుకోవాలి. ఏం ఖర్మో నాకర్థం కాదు.

అసలు సంగతికి వస్తాను. ఎండాకాలంలో నేను కొన్న ఫియట్ కారు నువ్వింకా చూడలేదు. పాతదే కానీ ఇంజను మంచిది, కిరాయిలకు తిప్పుతున్నాను. దాని వెనక భాగమే నా మాట వినడం లేదు. గుంతలో దిగితే ముందు చక్రాలు ఒకసారి ఊగి ఊరుకుంటాయి. వెనక మాత్రం నాలుగుసార్లు ఎగిరి దిగుతుంది. మొన్న నేరేడుచర్ల నుంచి ఒక మిల్లు షావుకారును తెచ్చాను. ఆయన దిగగానే ముందు నడుము పట్టుకున్నాడు, తర్వాత నన్ను పట్టుకున్నాడు. మా అమ్మ వచ్చి, సంతలో పొట్టేలు వీపు చూసినట్టు, డిక్కీ మీద రెండు చేతులు వేసి అదిమి వదిలింది. "దీని నడుంల పస లేదు బిడ్డా" అన్నది.

షావుకార్ల కోసమైతే నీకు రాసేవాణ్ణి కాదు. మాఘమాసంలో పెద్దగట్టు జాతర ఉంది కదా. అమ్మకు ఒక పాత మొక్కు ఉంది. గండదీపం ఇంట్లో వెలిగించి, ఆరకుండా గట్టు మీదికి చేర్చాలి. నడిచిపోవడమే పద్ధతి. కానీ తుంటి విరిగినప్పటి నుంచి ఆమె వాకిలి దాటడమే గగనం. రెండేండ్లకోసారి వచ్చే జాతర, ఇప్పటికి మూడు పోయాయి. ఇది కూడా పోతే మొక్కు తీరకుండానే పోతానని అన్నం సరిగ్గా తినడం లేదు. కారులో ఒళ్ళో పెట్టుకుని తెస్తే తప్పు లేదని గట్టు పూజారి ఒప్పుకున్నాడు. దారిలో ఆరితే మాత్రం ఆ జాతరకు ఇంక అంతే, మళ్ళీ వెలిగించేది లేదు.

అందుకని వెనక సీటు మీద చెంబు నిండా నీళ్ళు పెట్టి, గట్టు కింది దాకా నడిపి చూశాను. చేరేసరికి చెంబులో నాలుగు వేళ్ళ నీళ్ళు తగ్గాయి. సీటు తడిసి ముద్దయింది. ఏం చేయాలో చెప్పు.

నీ అన్న,
బీరన్న

కోదాడ,
17-8-1992.

బీరన్నకు నమస్కారం.

ఉత్తరం అందింది. చదివి నవ్వుతుంటే పక్కనున్న లారీ డ్రైవర్లు ప్రేమలేఖ అనుకున్నారు. పెద్దమ్మ చేత్తో అదిమి చెప్పింది చూడు, నేను కూడా అట్లాగే చూస్తాను. అదిమి వదిలితే బండి పైకి లేచి ఒక్కసారికే నిలవాలి. మళ్ళీ మళ్ళీ ఊగిందంటే షాకబ్జర్లు పోయినట్టే. వెనక చక్రాల లోపల గొట్టాల్లాగా రెండు నిలబడి ఉంటాయి, వంగి చూడు. వాటి మీద నూనె కారి మట్టి పట్టి ఉంటే లోపల ఏమీ లేదని అర్థం. పొరలు పొరలుగా పేర్చిన ఇనుప కమాను పట్టీలు బరువు మోస్తాయి, ఆ ఊపును షాకబ్జరు ఆపుతుంది. ఆపేవాడు లేకపోతే ఊగుడే.

ఏదో ఒక సోమవారం బండి తీసుకురా. రెండూ కొత్తవి వేద్దాం. ఒకటి మార్చి ఒకటి ఉంచితే బండి ఒక పక్కకు తన్నుతుంది.

మొక్కు ఎవరి గురించో రాయలేదేం? నీకు పెండ్లి కావాలని మొక్కిందా, లేక పెండ్లయ్యాక నీకు బుద్ధి రావాలనా? వదినను అడిగినట్టు చెప్పు. పెద్దమ్మకు మాత్రం నేను అడిగానని చెప్పకు.

కాటయ్య

సూర్యాపేట,
29-9-1992.

తమ్ముడు కాటయ్యకు,

నువ్వు షాకబ్జర్లు మార్చి పంపిన నాటి నుంచి ఊగుడు బందయింది. నిజంగా బందయింది. డిక్కీ అదిమితే ఒక్కసారికే నిలుస్తున్నది. సంతోషంగా చెంబు నింపి గట్టుకు పోయాను. మూడు వేళ్ళు తగ్గింది. ఊగకపోయినా నీళ్ళెందుకు ఒలికాయి? మళ్ళీ పోయాను, మళ్ళీ మూడు వేళ్ళే. ఇదివరకు గుంత వస్తే ఊయలలాగా ఉండేది, ఇప్పుడు కింద ఎవరో దబ్బున కొట్టినట్టున్నది. చిన్న రాయి ఎక్కినా వెనక నుంచి లొడలొడ చప్పుడు. కొత్తవి వేయించినందుకు బాగుపడ్డానో చెడిపోయానో తెలియడం లేదు.

మొక్కు గురించి అడిగితే అమ్మ తిన్నగా చెప్పలేదు. మొక్కు తీరేదాకా అది ఎవరి పేరిటిదో నోటితో అనకూడదట. మా అమ్మమ్మ కాలం నుంచి ఇంట్లో అదే వాడుకట. చెబితే ఫలితం పోతుందట. నా కొడుకుకు జ్వరమొచ్చిన ఏడు మొక్కి ఉంటుందని నేననుకున్నాను. కానీ వాడు పుట్టకముందే ఈ మొక్కు ఉన్నదంటుంది మీ వదిన. లెక్క కుదరడం లేదు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు లారీ కింద పడి దవాఖానలో ఉన్నప్పుడు అమ్మ రాలేదని కదా చిన్నమ్మ పగ పట్టింది. నేనప్పుడు విజయవాడలో క్లీనరుగా ఉన్నాను, నాకేమీ తెలియదు. నువ్వైనా అమ్మను ఎప్పుడూ అడగలేదా, ఎందుకు రాలేదని?

బీరన్న

కోదాడ,
11-10-1992.

బీరన్నా,

లొడలొడ చప్పుడంటే కమాను రెండు చివర్ల ఉండే కండ్లలో రబ్బరు బుష్షులు అరిగాయి. అది చిన్న పని. అసలు రోగం వేరే ఉంది, ఆనాడే చూశాను కానీ చెప్పలేదు. కమాను పట్టీలు చదునైపోయాయి. వంపు ఉంటేనే కమాను. గుంతలో దిగినప్పుడు ఇరుసు పోయి బాడీకి తగులుతున్నది, నీకు వినబడే దబ్బు అదే. కట్ట విప్పి ఒక పట్టీ ఎక్కువ వేస్తాను. బండి వెనక లేస్తుంది. షాకబ్జర్లు కూడా కిరాయి బండ్లకు వేసే గట్టి రకం వేస్తాను, మొన్న వేసినవి షెడ్డులో వేరే బండికి పనికొస్తాయి.

రెండో మాటకు జవాబు. అడగలేదు. నలభై రోజులు మంచం మీద ఉన్నాను. పక్కటెముకలు నాలుగు విరిగాయి. ఊళ్ళో సగం మంది వచ్చి చూసిపోయారు. రాని మనిషిని ఎందుకు రాలేదని నేను పోయి అడగాలా? గొర్రెల మంద కృష్ణ ఒడ్డుకు మేతకు పోయిందని, ఆమె మందతో ఉన్నదని చెప్పారు. మా అమ్మ అన్నది ఒక్కటే. "నా కొడుకు కంటె గొర్లు ఎక్కువైనయ్ అక్కకు." ఇంక ఆ సంగతి నా దగ్గర ఎత్తకు.

వచ్చే సోమవారం రా.

కాటయ్య

సూర్యాపేట,
22-11-1992.

కాటయ్యకు,

నీ పట్టీ నీ షెడ్డులోనే ఉంటే బాగుండేది. చెంబులో సగం నీళ్ళు పోయాయి. సగం. పాత షాకబ్జర్లతో నాలుగు వేళ్ళు, కొత్తవాటితో మూడు, ఇప్పుడు ఇంత బాగుచేశాక సగం చెంబు. వెనక భాగం లేచి నిలబడ్డది, చూసినవాళ్ళందరూ ముందు టైర్లలో గాలి లేదా అని అడుగుతున్నారు. హుజూర్‌నగర్ పోయే పంతులొకాయన వెనక ఒక్కడే కూర్చుని టాపుకు తల కొట్టుకున్నాడు. దారి పొడవునా నన్ను శపించాడు.

ఇంకో వింత చెబుతాను. శుక్రవారం మఠంపల్లి పెండ్లివాళ్ళను ఎక్కించుకున్నాను. ముందు ఇద్దరు, వెనక నలుగురు, ఒళ్ళో పిల్లలు. ఆ మట్టిరోడ్డు మీద బండి పోతుంటే నా చేతికే నమ్మబుద్ధి కాలేదు. గుంతలున్నాయో లేవో తెలియలేదు. వాళ్ళు దిగిపోయి నేను ఒక్కణ్ణి తిరిగివస్తే మళ్ళీ ఎత్తేసుడే. అదే రోడ్డు, అదే బండి, అదే డ్రైవరు. నాకు పిచ్చెక్కుతున్నదేమో చూడు.

నేను సగం చెంబుతో దిగడం అమ్మ చూసింది. మరునాడు నేను కిరాయికి పోయినప్పుడు, నడిచే పోతానని కర్ర పట్టుకుని వాకిట్లో అభ్యాసం మొదలుపెట్టిందట. పదడుగులకే పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. ఇంకెన్నడూ నడవనని ఒట్టు వేయించుకోబోతే, "మరి నీ కారు తీసుకపోతదా" అని ముఖం తిప్పుకున్నది. నేను బయటికొచ్చి ఆ కారు టైరును తన్నాను. నా కాలికే దెబ్బ తగిలింది.

పట్టీ తీసేసి మొదట్లాగే చెయ్యి.

బీరన్న

కోదాడ,
6-12-1992.

అన్నా,

నీకు పిచ్చేమీ ఎక్కలేదు. కమాను బరువు కోసం పుట్టింది. పట్టీ ఎక్కువ వేస్తే దాని మీద కూర్చునే బరువు కూడా ఎక్కువ ఉండాలి. ఖాళీగా ఉంటే అది వంగదు, వంగకపోతే దెబ్బ నేరుగా సీటుకే తగులుతుంది. పెండ్లివాళ్ళు ఎక్కినప్పుడు వంగింది, మెత్తగా పోయింది. ఇందులో వింత లేదు.

పట్టీ తీయడం కుదరదు. తీస్తే పాత కట్ట ఆ దారికి ఆగదు, విరుగుతుంది. కాబట్టి బరువు ఎక్కించడమే ఉపాయం. పెద్దమ్మ వెనక నడుమ కూర్చోవాలి. ఆమె గుప్పెడు మనిషి. రెండు పక్కల రెండు నిండైన బరువులు కావాలి, ఇరుసుకు సరిగ్గా పైన.

నాకు తెలిసి మన ఇంట్లో అంత బరువు ఇద్దరే. మా అమ్మ, మా నాయన. ఆండాలమ్మ ఒక్కతే రెండు బస్తాలు, శంకరయ్య ఇంకో రెండు. నవ్వకు, నేను మెకానిక్కుగా చెబుతున్నాను.

కాటయ్య

సూర్యాపేట,
10-1-1993.

కాటయ్యకు,

నీ ఉత్తరం చూసి మొదట చింపేద్దామనుకున్నాను. తర్వాత నీ మాటేంది, వడ్ల బస్తాలు వేస్తే పోదా అని మూడు బస్తాలు డిక్కీలో వేసి పోయాను. తోక బరువై బండి ముందు తేలిపోయింది, మలుపులో కల్వర్టు గోడకు జానెడు దూరంలో ఆగాను. సీటు మీదే వేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. దీపం పక్కన పొద్దుటి నుంచి ఉపవాసమున్న సొంత మనుషులే ఉండాలట. మీ వదిన ఉంది కానీ ఆమె బరువెంత, కోడిపిల్లంత.

ఇంక వేరే దారి లేక నీ మాటే అమ్మ చెవిన వేశాను, చెప్పుతో కొడుతుందనే అనుకున్నాను. ఆమె అన్నది విను. "ఆండాలు వస్తె రానీ. నన్ను ఒక్క మాట అడగొద్దను. దీపం దిగేదాక అడగొద్దను." ఆరేండ్ల పగ ఇంత సులువుగా ఎట్లా దిగింది? కోపం ఉందా లేదా? ఆమె ముఖం చూస్తే ఏడ్వబోతున్నట్టుంది, నవ్వబోతున్నట్టూ ఉంది. నేను తలగోక్కుంటూ మిర్యాలగూడ బండెక్కాను.

చిన్నమ్మ నన్ను చూడగానే లోపలికి పోయింది. చిన్నాయన మంచం వేసి కూర్చోబెట్టాడు. మొత్తం చెప్పాను, చెంబు సంగతి, పట్టీ సంగతి కూడా. లోపలి నుంచే జవాబొచ్చింది. "సామి దీపం గాబట్టి వస్త. ఆమె కోసం గాదు. నేనామెతోని మాట్లాడ, ఆమె నాతోని మాట్లాడొద్దు." మాట్లాడొద్దని ఇద్దరిదీ ఒకటే మాట, ఇంతకు మించిన ఒప్పందం ఎక్కడ దొరుకుతుంది?

నువ్వు కూడా రా. నువ్వు చేసిన కమాను, నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం.

బీరన్న

కోదాడ,
24-1-1993.

అన్నా,

నేను రాను. పని ఎక్కువ అని రాయవచ్చు కానీ నీకు అబద్ధం రాయబుద్ధి కావడం లేదు. నన్ను చూడడానికి రాని మనిషి మొక్కుకు నేను రావడం నాకు ఇష్టం లేదు. బండి బాగుచేసింది నీ కోసం, మా అమ్మ కోసం. ప్రతి జాతరకు మా అమ్మ పొద్దంతా తన అక్కను తిడుతుంది. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడుస్తుంది. అది చూడలేక.

ముందు చక్రాల్లో గాలి కొంచెం తక్కువ పెట్టు. మట్టి దారి ఎక్కేటప్పుడు రెండో గేరులోనే పో, మధ్యలో గేరు మార్చకు. బ్రేకు తొక్కే అవసరం రానీయకు.

కాటయ్య

సూర్యాపేట,
12-2-1993.

తమ్ముడు కాటయ్యకు,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పొద్దున చిన్నమ్మ, చిన్నాయన వచ్చారు. చిన్నమ్మ మా గడపలో నిలబడి దీపానికి దండం పెట్టింది, అమ్మ వైపు చూడలేదు. కుండ మీద మూకుడు, మూకుడు నిండా నూనె. అమ్మను నడుమ కూర్చోబెట్టి కుండ ఒళ్ళో పెట్టాం. ఎడమ పక్క చిన్నమ్మ, కుడి పక్క చిన్నాయన. వాళ్ళు కూర్చోగానే బండి వెనక దిగి సమంగా నిలిచింది. మీ వదిన నా పక్కన కూర్చుంది. అద్దాలన్నీ ఎత్తేశాం. లోపల ఉడికిపోతున్నాం, ఎవ్వరూ నోరు మెదపడం లేదు.

తార్రోడ్డు మీద నూనె కదలలేదు. నీకు దండం పెట్టాలనిపించింది. రోడ్డు దిగి మట్టి దారి పట్టాక జనం, గొర్రెలు, డప్పులు. రెండో గేరులోనే పోతున్నాను. ఒక పొట్టేలు అడ్డం దూకింది. బ్రేకు తొక్కాను. అద్దంలో చూస్తే కుండ ముందుకు వాలింది. చిన్నమ్మ రెండు చేతులూ చాచి కుండతో పాటు అమ్మ చేతుల్ని పట్టేసింది. కొంచెం నూనె ఆమె చీర మీద పడింది. దీపం ఊగింది, చిన్నదైంది, మళ్ళీ లేచింది. అక్కడి నుంచి గట్టు కింది దాకా ఆమె చేతులు తీయలేదు. అమ్మ కూడా తీయమనలేదు.

కింద దిగాక మెట్లెక్కాలి. అమ్మను నేను వీపున ఎత్తుకున్నాను. మరి దీపం ఎవరు పట్టాలి? మీ వదిన చేయి చాచింది. అమ్మ తల అడ్డంగా ఊపి, కుండ చిన్నమ్మ నెత్తిన పెట్టమన్నది. చిన్నమ్మ తల వంచి ఎత్తించుకున్నది. అంత మనిషి, ఆయాసపడుతూ, ఎక్కడా ఆగకుండా ఎక్కింది.

పైన దీపం దించి సామి ముందు పెట్టాం. అమ్మను పక్కన కూర్చోబెట్టాను. అప్పుడన్నది.

"ఆండాలూ, అది కాటయ్య పేరిటి దీపం."

తమ్ముడూ, నువ్వు లారీ కింద పడ్డ కబురు అందిన రోజు మా నాయనకు మంద అప్పజెప్పి అమ్మ గట్టు మీదికి పోయిందట. వాడు లేచి తన కాళ్ళ మీద ఇంటికి పోయేదాకా వాడి ముఖం చూడను, ఇక్కడి నుంచి కదలను, వాడు లేస్తే జాతరకు గండదీపం తెస్తాను అని మొక్కిందట. నలభై రోజులు ఆ బండల మీదే పడుకున్నదట, ఒక పూట తిని. మందతో ఉన్నదని మా నాయన అందరికీ అబద్ధం చెప్పాడు. నువ్వు లేచావు. జాతరకు దీపం తెచ్చి అప్పుడు మీ ఇంటికి వచ్చి చెబుదామనుకుంది. జాతరకు నెల ముందు తుంటి విరిగింది. మొక్కు తీరలేదు, నోరు తెరిస్తే నీకేమవుతుందోనని భయం. మా నాయన కూడా ఆ మాట కడుపులోనే పెట్టుకుని పోయాడు.

చిన్నమ్మ అమ్మ భుజం మీద దబదబా నాలుగు దెబ్బలు వేసింది. "ఆరేండ్లు తిట్టిన గదనే నిన్ను. పడుకుంట తిట్టిన, లేసుకుంట తిట్టిన. ఒక్క మాటన్న అనకపోతివి" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

అమ్మ ఆమె తల ఒళ్ళోకి తీసుకున్నది. "తిట్టుకో. కొడుకు బతికుండె, నువ్వు ఎన్ని తిట్టినా నాకేంది" అన్నది.

నేను పక్కకు పోయి నిలబడ్డాను. నాకింకా సరిగ్గా అర్థం కావడం లేదు. ఇంట్లో ఒక మనిషి ఇంత మోస్తుంటే కొడుకును నాకే తెలియలేదు.

బీరన్న

కోదాడ,
17-2-1993.

పెద్దమ్మకు కాటయ్య కాళ్ళు మొక్కి రాస్తున్నది. ఎవరితోనో రాయిస్తున్నది కాదు, నా చేత్తోనే రాస్తున్నది.

అన్నా, ఇది ఆమెకు చదివి వినిపించు. నీకు కోపమొచ్చే చోటు ఒకటుంది, దాటేయకుండా చదువు.

పెద్దమ్మా, ఆ ఎక్కువ పట్టీ గంటలో తీసేయవచ్చు. తీస్తే విరుగుతుందని అన్నకు అబద్ధం చెప్పాను. బుష్షులు మార్చి, పాత పట్టీలకే వంపు పెట్టించి ఉంటే నువ్వొక్కదానివి కూర్చున్నా బండి మెత్తగా పోయేది. ఖాళీ బండిని ఎగరేస్తే బరువు కోసం మా అమ్మను పిలవక తప్పదని అట్లా చేశాను. నువ్వు వాకిట్లో పడ్డావని చదివాక కూడా ఊరుకున్నాను. నీ మోచేతి దెబ్బ నా వల్లనే.

అదంతా నీ కోసం చేయలేదు. మా అమ్మ ఏడుపు ఆగితే చాలనుకున్నాను. నీ మీద నాకు మా అమ్మ కంటే ఎక్కువ కోపముండేది. ఆ నలభై రోజులు నా మంచం తలుపుకు ఎదురుగా ఉండేది. ఎవరి అడుగులు వినబడ్డా నువ్వేనని తల ఎత్తేవాణ్ణి. తల ఎత్తితే పక్కటెముకలు నొప్పి పెట్టేవి. కొన్నాళ్ళకు ఎత్తడం మానేసి, నాకు పెద్దమ్మ లేదనుకున్నాను. నిన్న మొన్నటి దాకా అట్లాగే అనుకున్నాను.

అన్న ఉత్తరం నాలుగుసార్లు చదివాను. షెడ్డులో ఏ పనీ చేతకాలేదు.

నేను లేచేదాకా నా ముఖం చూడనని మొక్కుకున్నావు. నేను లేచి ఆరేండ్లయింది, నీకు చూపించలేదు. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. కండ్ల నిండా చూసుకో.

కాటయ్య